కదలని బల్ల

ఆర్లీన్ మోకాళ్ళ మీద కూర్చుని బల్ల నాలుగో కాలికి బోల్టు బిగిస్తోంది. అరవై నాలుగేళ్ళ మనిషి. పొట్టి చేతులు, గోళ్ళ సందుల్లో ఎన్ని కడిగినా పోని జిగురు. ఊళ్ళోని తలుపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. మోంటానా రాష్ట్రంలో సగం ఇళ్ళ తలుపులు ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. తలుపు చేసిందెవరని ఎవరడుగుతారు పాపం, తోసుకుని లోపలికి పోతారు.

గరాజు వాకిట్లో మడత కుర్చీలో ఆమె మొగుడు రాయిస్ కాఫీ తాగుతున్నాడు. నడుం నొప్పని పని ముట్టుకోడు. ఆ నడుమే అక్టోబరు వచ్చిందంటే ఎల్క్ దుప్పుల వేటకు కొండెక్కుతుంది. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగుల్లో మళ్ళీ తుపాకి మందు పోసి, తన తూటాలు తానే చేసుకుంటాడని అతనికి గొప్ప. అందుకు బల్లకు బిగించిన మర పిడిని గట్టిగా కిందికి లాగాలి. బల్ల ఊగితే మందు ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ పడుతుంది. పోయినేడు అతని గురి తప్పితే నేరం ఆర్లీన్ చేసిన బల్లదయింది. అంతకు ముందేడూ అంతే. “మా ఆవిడ బల్ల మీద సూప్ పెడితే చెంచా అక్కర్లేదు, అదే వచ్చి ఒళ్ళో పడుతుంది” అని స్నేహితుల ముందు అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. ఆమె వాళ్ళకు బీర్లు అందించేది.

తప్పెక్కడో ఆమెకు ఈ ఏడే తెలిసింది. రెండుసార్లూ మరను బల్ల కాళ్ళ మధ్య ఖాళీ జాగాలో బిగించింది. మోకాళ్ళకు చోటుండాలని అతనే అక్కడ పెట్టమన్నాడు. ఈసారి అతన్ని అడగకుండా, మర బిగించడానికి సరిగ్గా ముందు కాలి నెత్తిన గీత గీసింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో తన చేతిపనికి అతని నోట ‘బాగుంది’ అన్న మాట ఒక్కసారి వినాలని ఆమె కోరిక. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నానికి మర బిగిసింది. రాయిస్ లేచొచ్చి బల్ల అంచున మూడు ఖాళీ తొడుగులు నిలబెట్టాడు. అక్కడి వేటగాళ్ళు బల్లను పరీక్షించేది అలాగే. పిడి లాగితే తొడుగు పడకూడదు. లాగాడు. ఒకటి పడింది.

“బరువు చాల్లేదు. కింది అరలో సీసం సంచులు పేరిస్తే ఇంక కదలదు,” అంది ఆర్లీన్.

“అయితే పేర్చు. నా మొహం చూస్తావేం?”

సీసపు గుళ్ళ సంచి ఒక్కోటి పదకొండు కిలోలు. అవన్నీ రోడ్డు పక్కన ఆపిన ట్రక్కులో ఉన్నాయి. నాలుగు మోసేసరికి చొక్కా తడిసిపోయింది. ఆరోది దించి, ఎడమ చెయ్యి లాగేస్తోందని చెప్పింది.

“తలుపులు మోసినన్నాళ్ళూ లాగని చెయ్యి నా పనికొచ్చేసరికి లాగుతోందా? ఇంకో రెండు తేవే.”

తెచ్చింది. ఎనిమిదోదాన్ని అరలోకి తోసి, ముందు కాలికి వీపు ఆనించి నేల మీద కూలబడింది. రాయిస్ తొడుగులు మళ్ళీ నిలబెట్టి పిడి లాగాడు. పడలేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. ఆ నడుముకు అంత బలముందని చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు. తొడుగులు అలాగే నిలబడ్డాయి. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని బల్ల చుట్టూ తిరగబోయాడు.

“కాళ్ళు తియ్యవే, అడ్డంగా ఉన్నాయి.”

తియ్యలేదు. వాటిని దాటుకుని అవతలికి పోయి, మూలలు నొక్కి చూసి, ఇంకోసారి పిడి లాగాక గానీ అతను ఆమె మొహం చూడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎన్నో లాగుడుకు ప్రాణం పోయిందో అతనికి తెలియదు.

శనివారం పూడ్చిపెట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆనవాయితీ ప్రకారం వండి తెచ్చిన గిన్నెలకు వంటింట్లో చోటు చాలక గరాజులో బల్ల మీద పెట్టారు. రాయిస్‌తో వేటకొచ్చే డెల్మార్ నల్లకోటుతోనే వంగి మరను, దాని కింద కాలిని, సంచుల్ని చూశాడు.

“సరిగ్గా కాలి మీదే బిగించారే. ఎవర్రా చేసింది?”

రాయిస్ నోట్లో ముద్ద నమిలి మింగాడు. “ఇంకెవరు, నేనే.”

“బాగుందిరా,” అన్నాడు డెల్మార్.

అని, పిడి పట్టుకుని గట్టిగా కిందికి లాగాడు. బల్ల మీద పన్నెండు గాజు గిన్నెలు, ఒక్కోదానికి అంటించిన తెల్ల టేపు మీద చేసినావిడ పేరు. ఒక్క మూత కూడా చప్పుడు చెయ్యలేదు.