డోలు కొట్టినవాడే గైరుహాజరు

ఆ రోజు బంజార్‌కి, అంటే ఊరి సంఘానికి, పెద్ద అయిన లోద్రా తీర్పు చెప్పాల్సింది ఎవరి మీదనుకున్నారు? చిన్నప్పటి నుంచీ తనతో ఒకే ఆకులో అన్నం తిన్న దెగెంగ్ మీద. నేరం ఏమిటంటే, సంఘం సమావేశానికి వరసగా మూడోసారి రాకపోవడం. ఎందుకు రాలేదయ్యా అంటే, సమావేశానికి అందరినీ పిలిచే డోలు కొడుతూ ఉండిపోయాడు కాబట్టి.

నవ్వుకోండి. బాలి మొత్తంలో ఇలాంటి కేసు ఇంకొకటి ఉంటే నాకు చూపించండి.

ఈ తలనొప్పి తెచ్చిపెట్టుకున్నదీ లోద్రాయే. కాఫీలు తాగి, కోడిపుంజుల్ని దువ్వి, తీరిగ్గా వచ్చే జనంతో విసిగిపోయి కొత్త కట్టుబాటు రాయించాడు. చెక్కడోలు ఆఖరి దెబ్బ పడేసరికి సంఘం అరుగు మీద కూర్చుని లేనివాడు గైరుహాజరు. వరసగా మూడైతే వెలి. వెలిపడ్డవాడితో ఎవరూ మాట్లాడకూడదు, వాడింట్లో చావొస్తే భుజం పట్టకూడదు. మాట్లాడినవాడికీ అదే వెలి. సభలో క్షమాపణ అడిగి, పెద్ద నోట క్షమించామనిపించుకుంటే తప్ప అది తొలగదు. యాభై రెండు ఇళ్లవాళ్లూ చేతులెత్తి సరేనన్నారు. డోలు కొట్టేవాడు అది వేలాడే గోపురం ముప్పై నాలుగు మెట్లూ దిగి రావాలి కదా అన్న ఆలోచన ఒక్క బుర్రకీ తట్టలేదు. ఎత్తిన చేతుల్లో దెగెంగ్‌దీ ఒకటి.

మొదటి రెండుసార్లూ గుమాస్తా సుయాసా చడీచప్పుడు లేకుండా పుస్తకంలో దెగెంగ్ పేరు పక్కన సున్నా చుట్టాడు. మూడో సమావేశం దెగెంగ్ తల్లి అంత్యక్రియల గురించే. తల్లి చావు కబురు తనే డోలు మీద ఊరికి చెప్పి, రొప్పుకుంటూ దిగి వచ్చేసరికి మూడో సున్నా కూడా పడిపోయింది.

"ఒరేయ్ లోద్రా, అమ్మని ఏ రోజు తీసుకెళ్దామన్నారు?" అని అరిచాడు దెగెంగ్. డోలు పక్కన నిలబడి కొట్టీ కొట్టీ అతని చెవులు మొద్దుబారాయి. అతను అరుస్తాడు, అతని చెవిలో మనం అరవాలి.

అందరూ లోద్రా వైపు తిరిగారు. లోద్రా లేవబోతే సుయాసా చెయ్యి అడ్డం పెట్టాడు.

"జాగ్రత్త పెద్దాయనా! ఒక్క మాట దొర్లిందా, మీరూ వెలే."

"వెలి పడిందని వాడికి చెప్పొద్దటయ్యా?"

"చెప్తే మాట్లాడినట్టేగా."

"చెప్పకపోతే క్షమాపణ ఎలా అడుగుతాడు?"

"అది వాడి ఖర్మ. కట్టుబాటులో లేదు."

"పోనీ కాగితం మీద రాసిద్దాం."

"వాడికి చదువు రాదు. చదివి వినిపించినవాడు మాట్లాడినట్టే."

సైగ చేస్తే మాట్లాడినట్టా కాదా అని అరగంట కొట్టుకున్నారు. "మా ఆవిడ ముప్పై ఏళ్లుగా నన్ను కనుబొమలతోనే తిడుతోంది. అది మాట కాదంటే నేనొప్పుకోను" అన్నాడు ఒక ముసలాయన. దాంతో సైగ కూడా మాటేనని తేలిపోయింది.

దెగెంగ్ ఒక్కొక్కరి ముందూ నిలబడి మొహంలోకి చూస్తున్నాడు. "నా మీద కోపమా? నేనేం చేశాన్రా? అమ్మ ఇంట్లో అలాగే ఉందిరా..."

చిన్నప్పుడు లోద్రా తల్లి చనిపోతే అతనికి ముద్దలు కలిపి పెట్టింది ఆ అమ్మే. తన కొడుకు కంటే ఒక ముద్ద ఎక్కువే పెట్టేది. ఆమెని మోసుకెళ్లేవాళ్లు లేకుండా చేసే తీర్పు తను రాయించిన కట్టుబాటే ఇస్తోంది. తనని తనే నాలుగు తన్నుకోవాలనిపించింది.

పక్కనే కాఫీ కొట్టు నడిపే మెన్ సుక్రి ఇక ఆగలేకపోయింది. గ్లాసు పట్టుకొచ్చి దెగెంగ్ చెవిలో అరిచింది. "నిన్ను వెలేశార్రా నాయనా! మూడుసార్లు రాలేదట! ముందు ఈ కాఫీ తాగు!"

దెగెంగ్ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది. క్షమించండి."

"అడిగేశాడయ్యా! అయిపోయింది!" అన్నాడు లోద్రా, ప్రాణం లేచొచ్చినట్టు.

"ఎక్కడయింది?" అన్నాడు సుయాసా. "క్షమించామని మీరు వాడితో అనాలి. అంటే మాట్లాడినట్టే. ముందు ఈ మెన్ సుక్రి పేరు రాసుకోనివ్వండి."

మెన్ సుక్రి మొగుడు లేచాడు. "ఇంటికెళ్లి అన్నం పెట్టమని ఎవర్నడగాలయ్యా నేను? ఏమేవ్, నాకూ ఒక కాఫీ పొయ్యి!" అతని పేరూ ఎక్కింది. అతన్ని వెక్కిరించిన బావమరిది పేరూ ఎక్కింది. ఆ తర్వాత తాళాలు కొట్టేవాళ్లు, బాతులు కాసేవాళ్లు... పొద్దు నెత్తికెక్కేసరికి అరుగుకి కుడివైపంతా వెలిపడ్డవాళ్లు, కాఫీలూ నవ్వులూను. ఎడమవైపు చట్టం తప్పనివాళ్లు పదిమంది, నాలుక పిడచగట్టుకుని కూర్చున్నారు. ఆ పదిమందీ కూడా ఒక్కొక్కరే జారుకున్నారు.

సుయాసా చెమటలు తుడుచుకుంటూ రాస్తున్నాడు. "ఒరేయ్ వయాన్, నువ్వు బావి దగ్గర వయాన్‌వా, వాగు దగ్గర వయాన్‌వా?" అనేశాడు, ఇందాకే వెలిపడ్డవాడితో.

అరుగంతా గొల్లున నవ్వింది. సుయాసా నాలిక కరుచుకున్నాడు. కానీ మనిషి నిజాయితీపరుడు. కలం తీసి తన పేరు తనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని, కుడివైపుకి జరిగాడు. జరిగాక పుస్తకం తిరగేసి, "వెలిపడ్డవాడింట్లో వెలిపడ్డవాడు భుజం పట్టకూడదని ఇందులో ఎక్కడా లేదర్రా!" అని ప్రకటించాడు. "అందరం మొయ్యొచ్చు. పెద్దాయన తప్ప."

"నువ్వు మాత్రం నోరు మూసుకునే ఉండన్నా!" అని అరిచారు తాళాలవాళ్లు. "మమ్మల్ని క్షమించడానికి ఒక్కడైనా మిగలాలి!"

ఎడమవైపు లోద్రా ఒక్కడే. ఊళ్లో చట్టం తప్పని ఒకే ఒక్క మగాడు. క్షమించాలంటే నోరు తెరవాలి, తెరిచాడంటే క్షమించే అర్హత పోతుంది, క్షమించేవాడు ఇంకెవడూ ఉండడు. తెరవకపోతే? ఆ అమ్మ పాడె గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే పెద్దరికం ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి.

"ఛీ, ఎవడికి కావాలి ఈ పెద్దరికం!"

అరుగు దిగి, దెగెంగ్ చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు పగిలేలా అరిచాడు. "బుధవారంరా! అమ్మని బుధవారం తీసుకెళ్దాం! ముందు వెదురు నేనే పడతా!"

దెగెంగ్ అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. సుయాసా ముక్కు చీదుకుని, యాభై రెండో ఇంటి పేరు కూడా రాశాడు.

బుధవారం వచ్చింది. దెగెంగ్ తల్లి దగ్గర ఉండాలి గనక డోలు కొట్టడానికి లోద్రాయే గోపురం ఎక్కాడు. మెట్లెన్నో కాళ్లకి తెలిసింది. ఆఖరి దెబ్బ కొట్టి, మోకాళ్లు పట్టుకుని దిగి వచ్చేసరికి ఊరంతా పాడె కింద భుజాలు పెట్టి నిలబడి ఉంది. సుయాసా ఒక చేత్తో వెదురు పట్టుకుని, రెండో చేత్తో పుస్తకంలో సున్నా చుట్టాడు.

"పెద్దాయనా, గైరుహాజరు!"

పాడె ముందువైపు కుడికి ఒరిగి ఉంది. అక్కడ దెగెంగ్ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. తనెంత గట్టిగా అరుస్తున్నాడో తెలియని దెగెంగ్ వీధంతా వినపడేలా అరిచాడు.

"ఎంతసేపురా? చోటుంచాను, రా!"

లోద్రా వెళ్లి భుజం పెట్టాడు. పాడె సరిగ్గా నిలిచింది.