పైన అంటే ఎటు

ఆంజనేయప్రసాద్ తెలుగులో అడిగేవాడు, కూతురు సంజన ఇంగ్లీషులో బదులిచ్చేది. ఇంగ్లండులో, కోవెంట్రీలో పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, నోరే తిరగదు. ఒక్కసారైనా ఆ పిల్ల తనంతట తాను తెలుగులో పలకరిస్తే చాలని అతని కోరిక. కానీ వారంలో ఐదు రోజులు ఎక్కడో లండన్ శివారు క్రోయిడన్‌లో క్లయింట్ ఆఫీసునే పట్టుకు వేలాడే మనిషికి కోరికలుంటే సరిపోతుందా?

2003 మార్చిలో స్కూల్లో జాగ్రఫీ ప్రాజెక్టు ఇచ్చారు. సంజన కెనడాలో ఒక నదిని ఎంచుకుంది. దక్షిణాన కొండల్లో పుట్టి, అడవులు దాటి, గోధుమ పొలాల మీదుగా ఉత్తరానికి పారి సరస్సులో కలిసే నది. ఎండలు మొదలవగానే దక్షిణాన మంచు కరిగిపోతుంది, ఉత్తరాన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చిన నీళ్లకి దారిలేక పొలాలు మునుగుతాయి. ఇదంతా చెక్కపలక మీద ప్లాస్టర్‌తో కట్టి, క్లాసులో నీళ్లు పోసి చూపించాలని పిల్ల పట్టుదల. తల్లి శివపార్వతికి ఇదంతా తెలుసు. తండ్రి అడిగిన పాపాన పోలేదు.

శనివారానికి బొమ్మ తయారైంది, నీళ్లు పారేలా పలకకి ఒకవైపు ఎత్తు పెట్టడమే మిగిలింది. ఆ పని తండ్రికి ఒప్పజెప్పి, స్విమ్మింగ్‌కి వెళ్తూ సంజన గుమ్మంలో ఆగింది.

"నాన్నా, పైన ఎత్తు పెట్టు. నీళ్లు పైనుంచి రావాలి," అంది, ఒక్కో మాటా ఏరుకుంటూ.

ఆంజనేయప్రసాద్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సొంతూరు రాజోలుకి ఫోన్ చేసినప్పుడల్లా "పైన వానలంటగా, గోదారి పెరిగిందా?" అని అతను అడుగుతుంటే విని నేర్చుకున్న మాట అది. నది వచ్చే వైపు పైన అని పిల్ల లెక్క. అయ్యగారికి అది తట్టలేదు. బొమ్మలో ఉత్తరం పైనుంది కదా అని సరస్సు కింద రెండు చెక్కముక్కలు గట్టి జిగురుతో అతికించేశాడు. నది పక్కన నీలం బాణం ఉత్తరానికి చూపిస్తోంది. పిచ్చిపిల్ల, నీళ్లు పైకి పారతాయా అని నవ్వుకుని, దాన్ని చెరిపి కిందికి గీశాడు.

"వచ్చాక దాన్ని అడగండి, అదేదో లెక్కలో గీసుకుంది," అంది శివపార్వతి.

"గోదారి ఒడ్డున పుట్టినోడికి నది గురించి చెప్తావేంటే?"

అంతటితో ఆగినా బాగుండేది. అట్టపెట్టెలో పెట్టి, ఊరికి పంపే సామానులా తాళ్లు బిగించి, విప్పితే పాడైపోతుందని ఆదివారం కూతుర్ని ముట్టుకోనివ్వలేదు.

సోమవారం సెలవు పెట్టి మరీ స్కూలుకి వెళ్లాడు. తల్లిదండ్రుల వరసలో కూర్చున్నాడు. పెట్టె విప్పగానే సంజన మొహం పాలిపోయింది. టీచర్ కానివ్వమంది. కొండల దగ్గర పోసిన నీళ్లు అక్కడే మడుగుకట్టి, బల్ల మీద నుంచి టీచర్ బూట్ల మీదికి కారాయి. పిల్లలంతా గొల్లున నవ్వారు. నది ఎటు పారుతుందమ్మా అని టీచర్ నెమ్మదిగా అడిగింది.

"ఐ గాట్ ఇట్ రాంగ్, మిస్," అంది సంజన. తండ్రి వైపు చూడలేదు.

లేచి, ఆ తప్పు నాదని ఒక్కమాట అంటే పోయేది. అన్నీ తెలిసిన ఆ పెద్దమనిషి కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత ఆ నిమిషాన్ని తలుచుకుని ఎన్నిసార్లు సిగ్గుపడ్డాడో అతనికే తెలుసు.

కారెక్కాక కూడా వంకే ముందొచ్చింది. "నువ్వు పైన అన్నావు కదమ్మా, పైన అంటే ఉత్తరం అనుకున్నాను," అన్నాడు. క్షమించమనే మాట ఆ వెనక గొణుక్కున్నట్టు వచ్చింది.

సంజన కాసేపు ఆలోచించింది.

"ఇట్స్ ఫైన్, డాడ్. మై తెలుగు ఈజ్ రబ్బిష్. నెక్స్ట్ టైమ్ ఐ విల్ జస్ట్ సే ఇట్ ఇన్ ఇంగ్లిష్, ఓకే?"

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే కాళ్లావేళ్లా పడి బతిమాలుకునేవాడు. ఆ పిల్ల అతని మేలు కోరే ఆ మాట అంది.