సీసాలో పోయిన మొక్కు

ఒంట్లోంచి రక్తం తీసి ఇంకొకరికి ఎక్కిస్తే, మనం మొక్కుకున్న మొక్కు కూడా దాంతో పాటే వెళ్ళిపోతుందా? ఈ సందేహం ఏళ్ళ తరబడి నన్ను పట్టుకుని ఉంది. ఎవరినైనా అడుగుదామంటే నవ్వుతారని భయం.

డెబ్బై ఒకటిలో యుద్ధం వచ్చినప్పుడు కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని కూర్చున్నాం. యుద్ధం ముగిసేదాకా చేప ముట్టనని సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను. ఆ వారంలోనే గాయపడ్డ జవాన్ల కోసం మా పోర్టులో రక్తం తీసుకున్నారు. నా దగ్గరా ఒక సీసా పట్టారు. యుద్ధం ముగిశాక కొండెక్కి తలనీలాలిచ్చి, ఇంటికొచ్చి మా ఆవిడ కాశమ్మ చేతి చేపల పులుసు కడుపునిండా తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది. నా మొక్కు తీరింది సరే, సీసాలో పోయిన రక్తం మాటేమిటి?

ఎనభై నాలుగులో గాజువాకలో మా పక్కింట్లోకి వరహాలు దిగాడు. ఎలమంచిలి వైపు మనిషి. మిలటరీ నుంచి వచ్చి స్టీలు ప్లాంటు గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసేవాడు. భార్య దేముడమ్మ చేపల పులుసు పెడితే వీధంతా లొట్టలు వేసేది. వరహాలు మాత్రం ముక్కు మూసుకుని అరుగు మీద మజ్జిగన్నం తినేవాడు.

ఒకనాడు దేముడమ్మ మా ఇంటికొచ్చి కాశమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“సూడొదినా, పెళ్ళయిన కొత్తల్లో నా సేతి పులుసు గిన్నె నాకి మరీ తిన్నాడు. యుద్ధంలో దెబ్బ తగిలి ఒచ్చినకాణ్ణించి సేప ముట్టడు. నాకు వొంట రాదని మా అత్త ఊరంతా సెప్తంది. ఒక్కపాలి తింటే సాలు, ఆవిడ నోరు మూతపడతాది.”

 యుద్ధం మాట వినగానే వెళ్ళి అరుగు మీదున్న వరహాల్ని పట్టుకున్నాను.

“బావా, నీకు రక్తం ఎక్కించేరా?”

“ఎక్కించేరు, కలకత్తా ఆస్పత్రిలో. మీ ఇశాపట్నం సీసాయేనని నర్సమ్మ సెప్పింది. ఏటి, ఎనక్కిచ్చీమంటావా?”

“అది మొక్కున్న రక్తం బావా!”

సంగతంతా చెప్పాను. వరహాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఆ రోజు నువ్వొక్కడివే ఇచ్చినావేటి?”

“శానామందిమి ఇచ్చినాం. మొక్కున్నోణ్ణి నానొక్కణ్ణే. మా పోర్టులో పన్జేసే గవర్రాజు ఎండుసేప నముల్తానే ఒచ్చి పడుకున్నాడు. ఆడి రక్తమే అయితే నువ్వీపాటికి సముద్రం కాళీ సేసీసుందువు.”

ఇంతలో ఆడవాళ్ళిద్దరూ బయటికొచ్చారు. “ఎక్కించిన రక్తం కొన్ని నెలలకే పోద్దంట, డాక్టరుగారు సెప్పినారు,” అంది కాశమ్మ.

“రక్తం పోద్ది. మొక్కెక్కడికి పోద్దే?” అన్నాను.

ఆమె ఆలోచనలో పడింది. నిజానికి నేనూ పడ్డాను. అంత పెద్ద దేవుడు ఇంత చిన్న లెక్క పట్టుకుని కూర్చుంటాడా?

దేముడమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. శనివారం మొగుణ్ణి సింహాచలం బస్సెక్కించింది. నేనూ వెంట వెళ్ళాను.

“ఇదెక్కడి నాయం బావా? మొక్కు నీది, గుండు నాదా?” అని మెట్ల పొడుగునా సణిగాడు వరహాలు. మంగలి తల తడిపేసరికి మాత్రం కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

“ఏటి కోరుకున్నావు బావా?” అన్నాను తర్వాత.

“కోరడానికేటుంది? సగం దణ్ణం అప్పన్నకి, సగం నీకు. ఆ సీసా ఎవులిదైనా, అది లేకపోతే నాను లేను కదా.”



ఆదివారం మధ్యాహ్నం మమ్మల్నీ భోజనానికి పిలిచారు. దేముడమ్మ పులుసు వడ్డించి, తలుపు పట్టుకుని నిలబడింది. వరహాలు ముక్కు మూసుకోలేదు. మొదటి ముద్ద మింగాడు. రెండో ముద్ద కలిపి, చేప ముక్క పట్టుకుని తికమకపడ్డాడు.

“ముల్లు తియ్యడం మరిసిపోనానే!”

దేముడమ్మ గబగబా వచ్చి పక్కన కూర్చుని ముళ్ళు తీసి పెట్టింది. తీస్తూనే కళ్ళు తుడుచుకుంది. ఆఖరికి వరహాలు గిన్నె అడుగు వేలితో నాకి, నున్నటి గుండు సింహాచలం వైపు తిప్పాడు.

“బాబూ అప్పన్నా, మా బావ బాకీ సెల్లు!”