తాడు రెండో కొస

మేస్త్రిగారి కూతురికి ‘గోరింక’ అన్న పేరు ఊరికే రాలేదు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ మూసేదాకా నోరు ఆడుతూనే ఉంటుందని నాయనమ్మ పెట్టిన పేరది. ఆరో తరగతికి వచ్చేసరికి బడంతా అదే పేరు. అలాంటి పిల్ల నోట జారిన ఒక్క మాట ఎంత దూరం పోయిందో వినండి. మాటకు కాళ్ళుండవు గానీ గడపలు దాటడంలో దాన్ని మించింది లేదు.

ఆ రోజు సోషల్ టీచరు వలసల పాఠం మొదలుపెట్టింది. "పుస్తకంలో ఉన్నది తర్వాత చూద్దాం. బతుకుతెరువు కోసం ఇల్లు విడిచి వచ్చినవాళ్ళని మీలో ఎవరైనా చూశారా?" అని అడిగింది.

అందరికంటే ముందు గోరింక చెయ్యి లేచింది. "నేను చూశాను టీచర్! మా నాన్న కట్టే బిల్డింగు దగ్గర బోలెడంత మంది. అక్కడ ఒక బుడ్డోణ్ణి నడుముకి తాడేసి స్తంభానికి కట్టేశారు, అచ్చం దూడని కట్టినట్టు!"

"గడ్డి కూడా వేశారా?" అన్నాడు ముందు బెంచీ పొట్టివాడు.

క్లాసు ఘొల్లుమంది. ఎవరో "అంబా" అని అరిచారు కూడా.

చివరి బెంచీలో కొత్తమ్మాయి లేచి నిలబడింది. బడిలో చేరి నెల కాలేదు, పక్కన ఇంకా ఎవరూ కూర్చోరు. "వాడు మా తమ్ముడు," అని మళ్ళీ కూర్చుంది.

నవ్వు ఆగిందనుకున్నారా? కొందరికి ఇంకా ఎక్కువైంది. టీచరు బల్ల గట్టిగా చరిచి, "చాలు! శుక్రవారం మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని తీసుకురండి. ఎవరెవరు ఎక్కడినుంచి వచ్చారో వాళ్ళ నోటితోనే విందాం. అప్పుడు నవ్వగలిగితే నవ్వండి," అంది.

సాయంత్రం గోరింక ఇదంతా తండ్రికి చెప్పింది. మేస్త్రి మొహం ముడుచుకున్నాడు. పరువు గలవాడు. మర్నాడు పనివాళ్ళని పిలిచి, "పిల్లల్ని కట్టేయడాలు ఇకమీదట నా దగ్గర కుదరవు. చూసినవాళ్ళు నవ్వుతున్నారు," అని కసిరాడు. ఆ బుడ్డోడి తల్లి తల వంచుకుని తాడు విప్పేసింది. ఆ రోజు నుంచి కొత్తమ్మాయి బెంచీ ఖాళీ. టీచరు రెండుసార్లు కబురంపింది. అయినా ఆ పిల్ల రాలేదు. ‘హమ్మయ్య, నన్నేమీ అనదు’ అనుకుంది గోరింక. చిన్నపిల్ల, తాడు విప్పడానికీ బెంచీ ఖాళీకీ ఉన్న ముడి దానికేం తెలుసు?

శుక్రవారం మేస్త్రి తల్లిని స్కూటరు మీద తీసుకొచ్చి, పని తొందర ఉన్నా, సరదాపడి గుమ్మంలోనే నిలబడ్డాడు. ముసలమ్మ కుర్చీలో కూర్చుని క్లాసంతా కలయజూసింది.

"మా గోరింక నోరు ఎవరి దగ్గరనుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిపోతుంది మీకు," అంది. పిల్లలు పకపకా నవ్వారు.

"మేమూ వలసొచ్చినవాళ్ళమే నాయనా. వానలు లేక పొలం బీడైపోతే, మూట నెత్తినా బిడ్డ చంకనా పెట్టుకుని వచ్చాం. ఇదిగో, ఈ బడి పక్కనున్న పెద్ద మేడకి ఇటుకలు మోశాను నేను. మా పనిలో ఒక పద్ధతుంది. తల్లి తన పాత బట్ట మెత్తగా పేని తాడు చేస్తుంది, ఒరుసుకోకుండా. పిల్లాడి చేతికి అందకుండా ముడి వీపు వెనక వేస్తుంది. నీడ చూసి, కంటికి ఎదురుగా కడుతుంది. ఇటుకలు మోస్తూ అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసుకుంటుంది. నేనూ నా పెద్దకొడుకుని అలాగే కట్టాను."

గోరింక నోరు తెరిచింది. పెద్దకొడుకా? నాన్న ఒక్కడే కదా!

"దారిన పోయేవాళ్ళు ఆగి, ‘ఇది తల్లేనా? బిడ్డని పశువులా కట్టేసింది’ అని నవ్వారు. నాకు పదిహేడేళ్ళు. సిగ్గేసింది. తలెత్తుకోలేక తాడు విప్పేశాను." ఆమె చేతులు ఒడిలో ముడి వేస్తున్నట్టు కదిలాయి. "అవతల గుంటలో సున్నం తడుపుతున్నారు. తెల్లగా ఉడుకుతోంది. పాలనుకున్నాడో ఏమో నా తండ్రి, పాక్కుంటూ పోయాడు. ఇక చెప్పను తల్లీ, మీరు చిన్నవాళ్ళు."

పొట్టివాడు బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

గుమ్మంలోంచి పీల గొంతు వినిపించింది. "అమ్మా... నాకో అన్న ఉండేవాడా?"

"ఉండేవాడురా. నీ కాలి మీద మచ్చ సైకిలు చక్రంలో పడి వచ్చిందని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. నువ్వు పుట్టాక మెత్తటి గుడ్డ కోసం ఆగలేదు నేను. చేతికందిన మూటల తాడుతో కాలికి కట్టేశాను, ఒరుసుకుని పుండు పడింది. ఆ ముడి నా భయం వేసింది, చేతులు కాదు."

మేస్త్రి వంగి తన చీలమండ పట్టుకున్నాడు. అలా వంగినవాడు లేవలేదు.

"నాయనమ్మా," గోరింక లేచి నిలబడింది, "ఆ బుడ్డోడి తాడు... నాన్న విప్పించేశాడు. నేను చెప్పాననే."

ముసలమ్మ దిగ్గున లేచింది. "ఇప్పుడా పిల్లాడు ఎక్కడున్నాడు?"

ఎవరూ ఒకరి కోసం ఒకరు ఆగలేదు. మేస్త్రి ముందు, పక్క వీధిలోని బిల్డింగు దాకా పరుగు. గోరింకకి దారంతా ఆ రోజు క్లాసు నవ్విన నవ్వే వినిపించింది.

లిఫ్టు కోసం తవ్విన గుంట నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు కొత్తమ్మాయి యూనిఫాంలోనే కూర్చుని ఉంది. వీపు గుంట వైపు, రెండు చేతులూ తమ్ముడి నడుము చుట్టూ. వాడు గింజుకుంటున్నాడు, పిల్ల వదలడం లేదు. బట్టతాడు పోయింది, దాని బదులు అక్క తాడైంది.

మేస్త్రి ఆ గుంట వైపు చూడలేకపోయాడు. తన సామాన్ల గదిలోని సిమెంటు బస్తాలు అప్పటికప్పుడు బయటికి మోయించి, పనివాళ్ళ పిల్లలు బయటికి పాకకుండా గుమ్మానికి అడ్డపలక కొట్టించాడు. గుంట చుట్టూ కంచె వేయించాడు. "ఈ గదికి కాపలా నేను," అని ముసలమ్మ నేల మీద చతికిలబడి, బుడ్డోణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

గోరింక కొత్తమ్మాయి ముందు నిలబడింది. ఎన్ని మాటలు వచ్చిన పిల్ల! ఒక్కటీ దొరకలేదు. "సోమవారం... నీ పక్కన నేను కూర్చుంటా," అంది చివరికి.

"అంబా అనవుగా?" అంది ఆ పిల్ల.

గోరింక వెక్కి వెక్కి ఏడ్చింది.

వెనకే వచ్చిన పిల్లలని ముసలమ్మ దగ్గరికి పిలిచింది. "తాడు ఈ కొస చూసి నవ్వారు మీరు. రెండో కొస ఒక తల్లి ప్రాణానికి కట్టి ఉంటుంది నాయనా. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళని చూసి నవ్వకండి. వాళ్ళ బిడ్డని ఒక్క క్షణం ఎత్తుకోండి."