నంబరు చెప్పే గొంతు

మా లైబ్రరీ కింది అంతస్తులో రెండు గదులు నావి. ఒక గదిలో పాత పుస్తకాలను ఫొటోలు తీస్తాం, రెండో గదిలో పాత టేపులను కంప్యూటరుకి ఎక్కిస్తాం. నావి అనడం నా పొగరే, గదులు యూనివర్సిటీవి. కానీ పదకొండేళ్లుగా అక్కడ ఎవరు ఏ కాగితం ముట్టుకోవాలో, ఏ చేత్తో ముట్టుకోవాలో కూడా నేనే చెబుతున్నాను. వెనకాల నన్ను హెడ్‌మాస్టరమ్మ అంటారని తెలుసు. అననీ.

టేపుల గదిలో ఉండే టెక్నీషియన్‌ని అందరూ చెవులాయన అంటారు. రోజంతా ఆయన చెవులకు హెడ్‌ఫోన్లే. అవి తీసేసినప్పుడు గోడ అవతల ఎవరు నడుస్తున్నారో చెప్పుల చప్పుడును బట్టి చెప్పేస్తాడు. నేను వస్తున్న సంగతి ముందే తెలిసిపోతుంది కాబట్టి, ఆయన ఖాళీగా కూర్చుని ఉండగా పట్టుకోవడం నాకు ఒక్కనాడూ కుదరలేదు.

మూడేళ్లుగా మా పనంతా ఒక ప్రొఫెసరుగారి టేపులతోనే. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట ఆయన కుమ్మరులను, పడవలు కట్టేవాళ్లను, రాళ్లు కొట్టేవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల పని గురించి వాళ్లచేతే చెప్పించి రికార్డు చేశారు. మొత్తం రెండు వందల పద్దెనిమిది టేపులు. పాతబడి వాటిలోని జిగురు పైకి తేలింది. అలాగే తిప్పితే అతుక్కుపోతాయి. అందుకని కెమిస్ట్రీ వాళ్ల ఓవెన్ అడిగి తెచ్చి, ఒక్కో టేపును సన్నటి వేడిలో ఎనిమిది గంటలు ఉంచి, చల్లారాక వాయిస్తాం. అదీ ఒక్కసారే. తిరుగుతున్నంతసేపూ గోధుమరంగు పొడి రాలుతూనే ఉంటుంది, ఆ తర్వాత అందులో మిగిలేదేమీ ఉండదు. వాయించేసిన టేపులను పారేయవచ్చని కమిటీ ఒప్పుకుంది. ఒప్పించింది నేనే.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఒకావిడ వచ్చింది. వయసు నలభై దాటినట్టుంది. బట్టల మీద రంగురంగుల దారపు ముక్కలు. బస్టాండు వెనక టైలరుకొట్టు తనదేనని చెప్పింది. కూర్చోమన్నా కూర్చోకుండా, సంచిలోంచి ఒక గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. పాతికేళ్ల అమ్మాయి ఫొటో, కింద 'రికార్డింగ్ సహాయకురాలు' అని టైపు చేసి ఉంది, పైన మా యూనివర్సిటీ ముద్ర.

"మా అమ్మండీ. ఆ ప్రొఫెసరుగారి దగ్గర పనిచేసేది. నాకు రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. నాకేం గుర్తు లేదు. మీరా టేపులన్నీ బాగుచేస్తున్నారని నా దగ్గర కుట్టించుకునే ఒకావిడ చెప్పింది. అందులో మా అమ్మ గొంతేమైనా ఉందేమోనని..."

కంప్యూటరులో టేపుల జాబితా చూశాను. ఎవరు ఏ టేపులో ఎన్నో నిమిషంలో మాట్లాడారో అన్నీ ఆ జాబితాలో ఉంటాయి. అంత పక్కాగా తయారుచేశానని నాకు మహా గర్వం. ఆ కార్డు మీది పేరు అందులో ఎక్కడా లేదు.

"లేదమ్మా. మాట్లాడినవాళ్లలో ఆవిడ లేరు. మిషను పక్కన కూర్చునే ఉద్యోగం కదా," అన్నాను. మెత్తగానే అన్నాననుకున్నాను.

"నేను నోరు తెరిస్తే చాలు, అచ్చం అక్క గొంతే అంటుందండీ మా పిన్ని. నన్ను పెంచిందావిడే. నిజంగానే అంటుందో, తల్లి లేని పిల్లనని బుజ్జగించడానికంటుందో ఇప్పటికీ తెలీదు. ఒక్కసారి విందామని, అంతే. పర్లేదు లెండి." కార్డు సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ నా వైపు తిరిగి, "మీ జాకెట్టు కుడి చేతి కుట్టు వంకరపోయిందమ్మా. తీరికున్నప్పుడు కొట్టుకి రండి, సరిచేసిస్తా," అంది.

అప్పుడు రెండో గది తలుపు తెరుచుకుంది. చెవులాయన హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పిలవకుండా ఆయన ఆ గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏవండీ, ఇంకోసారి మాట్లాడతారా?" అన్నాడు ఆవిడతో.

"ఏం మాట్లాడమంటారు?"

"టేపు నూట పన్నెండు, రెండో వైపు. ఇలా అనండి చాలు."

ఆవిడ నా వైపు బిక్కమొహం వేసుకుని చూసి, ఆయన చెప్పినట్టే అంది. చెవులాయన గోడకి ఆనుకున్నాడు. "మేడమ్, నంబరు చెప్పే గొంతు," అన్నాడు.

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

దాదాపు ప్రతి టేపు మొదట్లో ఒక ఆడగొంతు నంబరు, తేదీ, మాట్లాడేవాళ్ల పేరు చెప్పేది. పది సెకన్లు కూడా ఉండదు. ఆ వివరాలు జాబితాలో రాసేశాం కదా, మళ్లీ గొంతెందుకని, అసలు మాట మొదలైన చోటి నుంచే ఫైలు మొదలవ్వాలని నేను రూలు పెట్టాను. కత్తిరించని కాపీ విడిగా దాచేంత చోటు అప్పట్లో మా కంప్యూటర్లలో లేదు. వినేవాళ్లకు విసుగు తప్పించానని ఒక మీటింగులో చెప్పుకుని చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. మొదటి వారంలో చెవులాయన "ఉంచుదామా మేడమ్" అని ఒకసారి అడిగాడు. "సమాచారం మనకొచ్చేసిందిగా, చెప్పిన మనిషితో పనేంటి?" అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. రెండు వందల పదిహేను టేపులు అలాగే కత్తిరించాడు.

ఇదంతా ఆవిడతో చెప్పక తప్పలేదు. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని, మాటలు తడబడ్డాయి. "ఉండేదమ్మా. నేనే తీసేయించాను."

"టేపులు?"

"పారేశాం."

"మీకు మాత్రం ఎలా తెలుస్తుంది లెండి," అంది ఆవిడ. నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

"మూడున్నాయి," అన్నాడు చెవులాయన.

బీరువా అడుగున ఉన్నాయవి. బూజు పట్టి, అంచులు ముడుచుకుపోయి, వాయిస్తే ఏమవుతుందోనని పక్కన పెట్టినవి. బయటి నిపుణులకు పంపాలని ఏడాదిగా ఉత్తరాలు నడుస్తున్నాయి. ఎవరూ ముట్టుకోరాదని వాటి మీద చీటీ అంటించింది కూడా నేనే. వెళ్లి ఆ చీటీ పీకేశాను.

"తెగిపోవచ్చు మేడమ్."

"తెగితే నా పేరు రాయండి. ఓవెన్ పెట్టండి."

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కొట్టు మూసుకుని వచ్చింది. చెవులాయన తన హెడ్‌ఫోన్లు ఆవిడకిచ్చాడు. మేమిద్దరం చిన్న స్పీకరు దగ్గర చేరాం. మొదటి టేపులో నంబరు చెప్పింది ప్రొఫెసరుగారే. ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండోది నాలుగు చుట్లు తిరిగి, కీచుమని అరిచి తెగింది. చెవులాయన మిషను ఆపి, తెగిన ముక్కలు ఏరాడు.

"పాతగుడ్డ కూడా ఇంతేనండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "లాగితే చిరుగుతుంది. అది ఎంత వస్తే అంత రానివ్వాలి." ధైర్యం చెప్పాల్సింది మేము, చెబుతున్నది ఆవిడ.

మూడోదానికి ఆయన బిగువంతా తగ్గించి, టేపు వదిలే చక్రాన్ని వేలితో సాయం పట్టి తిప్పాడు. పొడి రాలింది. గరగర వినిపించింది. తర్వాత గొంతు వచ్చింది.

"టేపు రెండు వందల ఏడు, మొదటి వైపు. కాదు కాదు, రెండు వందల ఆరు. అయ్యో, సారీ సార్."

"ఏమైందమ్మా ఇవాళ?" దూరంగా ప్రొఫెసరుగారు.

"మా పాప నిన్న రాత్రి కన్ను మూయనివ్వలేదు సార్. దించితే ఏడుపు. ఎత్తుకుని తిరుగుతూనే ఉన్నా." చిన్న నవ్వు. "నిజం చెప్పాలంటే, నాకూ దించబుద్ధి కాలేదు లెండి. సరే, మళ్లీ చెప్తా. టేపు రెండు వందల ఆరు, మొదటి వైపు."

తర్వాత ఒక ముసలి కుమ్మరి మట్టి ఎలా తొక్కాలో చెప్పడం మొదలుపెట్టాడు. పిన్ని అబద్ధం చెప్పలేదు. అదే గొంతు, కాస్త లేతది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ మాత్రం హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదిమి పట్టుకుని, కుమ్మరి మాటలు అయిపోయేదాకా కదలకుండా కూర్చుంది. మధ్యలో అమ్మ కనీసం దగ్గినా చాలనుకుందేమో.

టేపు ఆగింది. "ఫైలు ఎక్కణ్నుంచి మొదలుపెట్టమంటారు మేడమ్?" అని చెవులాయన అడిగాడు.

"గరగర దగ్గర్నుంచి," అన్నాను. జాబితా తెరిచి, మాట్లాడినవాళ్లలో కుమ్మరి పేరుకు పైన గుర్తింపు కార్డు మీది పేరు ఎక్కించాను. ఇంటికి తీసుకెళ్లడానికి ఒక కాపీ చేసిస్తామనీ, ఇక ఎన్నిసార్లు విన్నా అరగదనీ ఆవిడకు చెప్పాను.

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పాపం, తెల్లారితే డ్యూటీ ఉంది కదండీ," అంది. "కాసేపు పడుకోనివ్వాల్సింది నేను."