గడువు దాటిన పసుపు హెల్మెట్

నేను ఒక పసుపు హెల్మెట్‌ని. ఇనుప కడ్డీలు తీసే మా మిల్లులో పర్మినెంటు వాళ్లకు తెల్లవి, కాంట్రాక్టు వాళ్లకు పసుపువి ఇస్తారు. ఎర్రగా కాలిన కడ్డీకి మాత్రం ఈ తేడా తెలియదు, ఎవరి మీద పడ్డా ఒకేలా కాలుస్తుంది.

నన్ను పెట్టుకున్నవాడు పైడిరాజు, విజయనగరం పక్క పల్లెవాడు. నా అంచు లోపల మూడేళ్ల గడువు అచ్చుపోసి ఉంది. తొమ్మిదేళ్లయినా నన్ను ఎవరూ తీసెయ్యలేదు. పైడిరాజును మాత్రం ఎనిమిది నెలలకోసారి తీసేసేవారు. వరసగా ఉంచితే పర్మినెంటు చెయ్యమంటాడని వాళ్ల భయం. పదిరోజులు ఇంట్లో కూర్చోబెట్టి, కొత్తవాడిగా మళ్లీ చేర్చుకునేవారు. చేరిన ప్రతిసారీ కొత్తవాళ్ల క్లాసుకు వెళ్లాలి. అక్కడ పాఠం చెప్పేవాడు పైడిరాజు దగ్గర పని నేర్చుకున్నవాడే. కడ్డీకి ఎంత దూరంలో నిలబడాలో వాడు చెబుతుంటే ఈయన బుద్ధిగా తలూపేవాడు. ఆ తలమీద ఉన్నందుకు నాకు సిగ్గేసేది.

"ఈ పాలి తెల్లది ఇత్తారా బావూ?" అని స్టోరు గుమాస్తాను ప్రతిసారీ అడిగేవాడు. గుమాస్తా నన్నే మళ్లీ చేతిలో పెట్టేవాడు.

ఒకరోజు కొత్త చట్టం వచ్చిందన్నారు. మేనేజరు శ్రీవత్సగారు అందరినీ షెడ్డులో నిలబెట్టారు. జుట్టు చెదురుతుందని ఆయన ఏ హెల్మెట్టూ పెట్టుకోరు.

"ఇక కాంట్రాక్టరు ఉండడు. కంపెనీయే మిమ్మల్ని నేరుగా తీసుకుంటుంది. అందరికీ తెల్ల హెల్మెట్లే, ఎక్కువ తక్కువలు లేవు" అన్నారు.

పైడిరాజు చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాడు. కాగితం చదవకుండానే సంతకం పెట్టి, వీధంతా లడ్డూలు పంచాడు. ఇంత అమాయకుణ్ణి మోసం చెయ్యడానికి చట్టం కూడా ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక భార్య చిన్నమ్మి ఆ కాగితం చదివింది.

"ఏడాదికే రాసినారు. ఆ తరవాత ఆళ్లిష్టమంట."

"అది ఉత్తినే రాత్తారే. తెల్లది ఇచ్చినోళ్లు తీసేత్తారేటి?"

మేనేజరు అబద్ధమాడలేదు. రిటైరైన పర్మినెంటు వాళ్ల చోట్లలోకీ ఏడాది కాగితాలతోనే మనుషుల్ని తెచ్చారు. పర్మినెంటు అనేవాడే లేకుండా పోతే ఎక్కువ తక్కువలు ఎక్కడుంటాయి?

తెల్లవి రాగానే నన్ను తుక్కులో పడేశారు. కోడికి పనికొస్తానని పైడిరాజు అడిగి ఇంటికి తెచ్చాడు. ఏడాదిపాటు నాలో గుడ్లు పొదిగించారు. మిల్లు మర్యాద కంటే ఆ కోడి మర్యాదే నయం.

ఏడాది నిండిన రోజున పైడిరాజు వట్టి తలతో వచ్చాడు.

"మళ్లీ కొత్తోళ్ల క్లాసుకి పిలుత్తారనుకున్నాను. ఈ పాలి పిలవనేదు" అన్నాడు చిన్నమ్మితో. తెల్ల హెల్మెట్‌ను గేటు దగ్గరే తీసేసుకున్నారట. దాని గడువు ఇంకా రెండేళ్లుంది, వెంటనే ఇంకొకడికి ఇచ్చారట.

మర్నాడు నన్ను కడిగి పెట్టుకుని, అపార్టుమెంటు కడుతున్న చోటికి కూలికి వెళ్లాడు. అక్కడ మా మిల్లు కడ్డీలే కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి.

"ఇనప పని ఎన్నాళ్లబట్టి సేత్తన్నావు?" అని మేస్త్రీ అడిగాడు.

పైడిరాజు అలవాటుగా నన్ను తలమీద సర్దుకున్నాడు.

"కొత్తోణ్ణి బావూ" అన్నాడు.