నిఖిత చివరి పాఠం

నా నోరు మంచిది కాదు. ముప్పై ఏళ్లుగా విమానం నడపడం ఆ నోటితోనే నేర్పుతున్నాను. ఇంగ్లండులో షెఫీల్డ్ దగ్గర మా చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో తెల్లపిల్లలైతే ఈ సదాశివం మీద కంప్లెయింట్ రాసి పోతారు. మన పిల్లలు "సారీ సార్" అని తల దించుకుంటారు.

నిఖితా అంతే. జనగామ పిల్ల, ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చదివింది. శని, ఆదివారాలు నా దగ్గరికి వచ్చేది. మంగళవారంతో వీసా అయిపోతుంది. వెళ్లేలోపు ఒక్కసారైనా ఒంటరిగా ఎగరాలని ఆశ. ఆ ఆదివారం స్టాల్ పాఠం సరిగ్గా చేస్తే ఎగరనిస్తాను, లేకపోతే లేదు.

స్టాల్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్కలను మొయ్యడం మానేస్తుంది, విమానం కిందికి జారుతుంది. వెంటనే ముక్కు దించాలి, పవర్ పెంచాలి. నేను పక్కన చెప్తుంటే నిఖిత పదిసార్లు పొల్లుపోకుండా చేసింది. ఆరోజు మాత్రం చెప్పదలుచుకోలేదు. ఒంటరిగా పైనుంటే చెప్పడానికి ఎవరుంటారు?

నాలుగు వేల అడుగుల ఎత్తున పవర్ తగ్గించి ముక్కు ఎత్తమన్నాను. హెచ్చరిక హారన్ కుయ్యిమంది. విమానం వణికింది. నిఖిత నా మొహంలోకి చూసింది. నేను నోరు విప్పలేదు. ఎడమ రెక్క ఒరిగిపోయింది. అప్పటికీ నా మొహమే చూస్తోంది. చివరికి నేనే స్టిక్ ముందుకు తోసి ముక్కు దించాను.

ఒళ్లు మండిపోయింది. చేతులు పడిపోయాయా అని అరిచాను. చావడానికి కూడా పర్మిషన్ కావాలా అన్నాను.

"ఫస్ట్ టైం స్టాల్ చేసినప్పుడు హారన్ మోగంగనే నేనే ముక్కు దించిన సార్," అంది మెల్లగా. "'నేను చెప్పకముందే ఎవరు ముట్టుకోమన్నరు' అని మీరే చెయ్యి మీద కొట్టిండ్రు."

కొట్టాను. ఆ రోజు ఆ పిల్ల చేసిందే కరెక్టు. నాకంటే ముందు చేసిందని నాకు ఉక్రోషం, అంతే.

కిందికి దిగాం. ఆఫీసులో ఆమె ఫైలు తెరిచి, "సొంతంగా స్పందించడం లేదు, ఒంటరిగా పంపలేను" అని రాశాను. అది నిజమే. ఎవరి వల్లో రాయలేదు. సిగ్గేసింది, అయినా రాయలేదు.

ఫైలు ఆమె ముందుకు జరిపాను. సంతకం ఎక్కడ పెట్టాలో నేను చెప్పేదాకా పెన్ను పట్టుకుని నిలబడింది.